రోహిణి చూసిన కుర్చీ

1985 ఏప్రిల్ మూడో వారంలో మా ప్రిన్సిపాల్ నా చేతికి ఒక మెమో ఇచ్చారు. జిల్లా కోర్టులో నడుస్తున్న ఒక దావాలో వస్తు పరీక్షకు సాంకేతిక నిపుణుడు కావాలని కోర్టు అడిగిందనీ, నన్ను పంపిస్తున్నారనీ దాని సారాంశం. అప్పటికి నేను గుంటూరు ప్రాంతంలోని ఒక ఐ.టి.ఐ.లో వడ్రంగం శాఖకు అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్ని. కాగితం మీద అంత పొడుగు హోదా ఉన్నా జనం పిలిచేది కార్పెంటర్ మాస్టారనే. సర్వీసు పద్దెనిమిదేళ్లు. చెక్క గురించి నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మే వయసు అది.

దావా ఒక కుర్చీ మీద. గుంటూరులో పెద్ద ఫర్నిచర్ షోరూము ఉన్న ఒకాయన వాది. ప్రతివాది షేక్ మస్తాన్ అనే మేస్త్రి. కలప అడితుల వెనక సందులో చిన్న రేకుల షెడ్డు, ఇద్దరు పనివాళ్లు, అదీ అతని కార్ఖానా. అతను చేసే పడక కుర్చీని జనం విల్లు కుర్చీ అనేవాళ్లు. ముందుకు సాగి వంగిన చేతిపట్టెలు, వెనక్కి వాలిన వీపు, అల్లిన పేము. మిర్చి వ్యాపారులు, పాస్టర్లు, రిటైరైన ప్లీడర్లు ఏరికోరి చేయించుకునే వస్తువు. షోరూము వాళ్లు అచ్చం అలాంటి కుర్చీకే ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి, 1983లో కలకత్తాలోని డిజైన్ల ఆఫీసులో నమూనా రిజిస్టరు చేయించుకున్నారు. ఆ కాగితం చేతికొచ్చాక, మా డిజైను దొంగిలించి నకళ్లు చేస్తున్నాడని మస్తాన్ మీద కోర్టుకెక్కారు.

ఇక్కడ చట్టం చాలా సూటిగా ఉంటుంది. రిజిస్టరు చేయించుకున్నవాడికి ఆ నమూనా మీద హక్కు వస్తుంది. అయితే రిజిస్ట్రేషన్ నాటికే అది జనంలో చలామణీలో ఉందని రుజువైతే ఆ హక్కు నిలవదు. మస్తాన్ తాను పదేళ్ల పైనుంచి ఆ కుర్చీ చేస్తున్నానన్నాడు. బిల్లులు ఏవీ అని అడిగింది కోర్టు. బిల్లుపుస్తకమంటే ఏమిటో ఆ షెడ్డు ఎరగదు. అందుకని దావా తేలేదాకా అతను ఆ కుర్చీ చేయకూడదు, అమ్మకూడదు అని తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చింది. పనివాళ్లలో ఒకడు తెనాలి వెళ్లిపోయాడు. మస్తాన్ కిటికీ రెక్కలు బిగించుకుంటూ కూర్చున్నాడు.

అప్పట్లోనే రాజీ మాట కూడా వచ్చిందని తర్వాత తెలిసింది. డిజైను షోరూముదేనని ఒక కాగితం మీద సంతకం పెడితే దావా మానుకుంటామనీ, పైగా నెలజీతం మీద వాళ్ల వర్క్‌షాపులోనే అదే కుర్చీ చేయవచ్చనీ కబురు పంపారట. మస్తాన్ సంతకం పెట్టలేదు. "చేసుకుంటే చేసుకోనీండి, వొద్దన్నానా? నా కుర్చీ నేనే దొంగిలించానని మాత్రం రాసివ్వను" అని చెప్పి పంపాడట. అతనికి చదువు లేదు కానీ దేనికింద సంతకం పెట్టకూడదో తెలుసు.

కోర్టు ఒక యువ న్యాయవాదిని అడ్వొకేట్ కమిషనరుగా నియమించింది. జడ్జిగారు స్వయంగా వెళ్లలేని చోటికి వెళ్లి చూసొచ్చే కళ్లు ఈ కమిషనరువి. నా పని ఆ కళ్లకు అద్దం పెట్టడం. ఏప్రిల్ చివర్లో ఆరు కుర్చీలు పరీక్షించాం. మూడు షోరూమువి. మూడు మస్తాన్ పాత ఖాతాదార్ల ఇళ్లనుంచి తెప్పించినవి. పరీక్షలో ఉభయపక్షాలూ ఉండవచ్చు గానీ నిపుణుడితో నేరుగా మాట్లాడకూడదు, ఏదైనా కమిషనరు ద్వారానే. ముగించేముందు కమిషనరు పద్ధతి ప్రకారం మస్తాన్‌ను ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగాడు. "చెప్పేదేముందండీ. కుర్చీ ఎదురుగానే ఉంది. మాస్టారు చూస్తన్నారుగా" అన్నాడతను. ఆ మాటలోని నమ్మకం నాకు అప్పుడు పొగరులాగా వినపడింది.

నేను చూసింది ఇది. కుర్చీలో ప్రాణమంతా అతుకుల్లో ఉంటుంది. ఒక కొయ్య కొసను నాలుకలాగా చెక్కుతాం, దాన్ని కుసి అంటారు. ఇంకో కొయ్యలో గాడి తొలిచి కుసిని అందులోకి దించుతాం. రెంటినీ కలిపి అడ్డంగా బెజ్జం వేసి వెదురు శీల కొడతాం. షోరూము కుర్చీల్లో శీల తలలు నున్నగా, మిగతా చెక్కతో పాటు లక్కపాలిష్ కింద మెరుస్తున్నాయి. మస్తాన్ కుర్చీల్లో మాత్రం శీల తలల మీద పాలిష్ లేదు. గుండ్రటి నాణేల్లాగా బోడిగా ఉన్నాయి. అంటే పాలిష్ అయిపోయాక ఎవరో వాటిని దిగ్గొట్టి కోశారు.

నేను పిల్లలకు నేర్పే మొదటి పాఠం, పాలిష్ చివరి పని. దాని తర్వాత ఉలి పట్టావంటే అది మరమ్మతైనా అయివుండాలి, తప్పు దిద్దుకోవడమైనా అయివుండాలి. నా ప్రాథమిక నోట్‌లో ఏడో పేరాగా ఆ మాటే రాశాను. ప్రతివాది కుర్చీల అతుకులను పాలిష్ తర్వాత విప్పి బిగించిన సూచనలున్నాయని. రాసి, కింద హోదాతో సహా సంతకం గీకి, కోర్టుకు వేసవి సెలవులిచ్చేలోపు దాఖలు చేశాం.

వాది వకీలు ఆ ఒక్క పేరానే పట్టుకున్నాడు. మస్తాన్ పాత ఖాతాదార్ల దగ్గర మామూలు కుర్చీలుండేవనీ, షోరూము డిజైను చూశాక వాటిని విప్పి విల్లు పట్టెలు తగిలించి పాతవని చూపిస్తున్నాడనీ, సర్కారు నిపుణుడే ఆ సంగతి రాశాడనీ వాదన అల్లాడు. నేను పెట్టిన సంతకం ఒకడి మెడకు ఉచ్చయింది. ఆ వాదనలో ఎక్కడో చెడ్డ అతుకు ఉందని నాకు తెలుస్తూనే ఉంది. వంపు పట్టెను మామూలు కుర్చీకి తగిలించడం అంత తేలిక కాదు. కానీ శీల తల మీద పాలిష్ ఎందుకు లేదన్న దానికి నా దగ్గర జవాబు లేదు.

మస్తాన్ తరఫు వకీలు ఇంకో అర్జీ పెట్టాడు. ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె చర్చిలో విల్లు కుర్చీ ఉంది, దాని మీద సంవత్సరం రాసి ఉంది, చూడండని. సంవత్సరం నిన్న రాసిందే అయివుంటుందని వాది వకీలు అడ్డం తగిలాడు. చూసి రమ్మని ఉత్తర్వు వచ్చింది. అలా జూన్ మొదటి వారంలో కమిషనరు, నేను, వాది వకీలు దగ్గర పనిచేసే ఒక జూనియరు, మస్తాన్ ప్రత్తిపాడు బస్సు దిగి ఆ పల్లెకు నడిచాం. పొలాల్లో పత్తి కట్టె పీకి మోపులు కట్టి పెట్టారు. రోహిణి కార్తె ఇంకా పోలేదు. రోళ్లు పగిలే కార్తె అని ఊరికే అనలేదు పెద్దలు.

చర్చి తలుపు తీసింది మరియమ్మ అనే మనిషి. అరవై దాటి ఉంటాయి. జన్మంతా మిరప కోతలకు వెళ్లిన చేతులు. పాస్టరుగారు ఊళ్లో లేరు, తాళంచెవి ఆమె దగ్గర ఉంటుంది. మస్తాన్ ఇంకా దారిలో వెనకబడి ఉన్నాడు. నా చేతిలో మూలమట్టం, సుత్తి ఉన్న సంచి చూసి, కమిషనరు నోరు తెరిచేలోపే నన్ను పట్టుకుంది.

"మస్తాన్ పంపాడా నిన్ను? ఇప్పటికొచ్చారా? రోహిణి ఎల్లిపోవస్తంది. శీలలు కొయ్యరా? పాస్టరుగారి లాల్చీ రెండుసార్లు చినిగింది."

ఆమె వేలు చూపిన చోట రెండు విల్లు కుర్చీలున్నాయి. ఒకటి పాతది. రెండోది కిందటి క్రిస్మస్‌కు సంఘం చేయించుకున్నది. ఆ కొత్తదానికి ప్రతి అతుకు దగ్గరా వెదురు శీలలు అర వేలు పొడవున బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పాలిష్ మాత్రం ఏనాడో పూర్తయింది.

నేను కోర్టు తరఫున వచ్చానని చెప్పి, శీలలు ఎందుకలా వదిలేశారమ్మా అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"కొత్త చెక్క గదయ్యా. మొదటి రోహిణి చూడాలి. ఎండకి గుంజుకుద్ది. అప్పుడొచ్చి గట్టిగా దిగ్గొట్టి కోత్తాడు. ముందే కోసేత్తే ఏడాదికల్లా వదులైపోద్ది. ఇంత సదువుకున్నావు, తెలవదా నీకు?"

తెలవదు. పద్దెనిమిదేళ్లు వడ్రంగం నేర్పినవాడికి తెలవదు. నేను శిక్షణ పొందింది మద్రాసులో. అక్కడ సముద్రపు గాలికి చెక్క ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉంటుంది. పాఠ్యపుస్తకం రాసినవాడు గుంటూరు ఎండ చూసినవాడు కాదు. మస్తాన్ శీలను ఒక కొస సన్నంగా, ఇంకో కొస లావుగా చెక్కి, సగం దించి వదిలేసేవాడు. మొదటి రోహిణికి చెక్క ఆరి అతుకు సడలగానే ఖాతాదారు ఇంటికి వెళ్లి, లావు భాగాన్ని లోపలికి దిగ్గొట్టి, మిగిలింది కోసేసేవాడు. అందుకే తల మీద పాలిష్ ఉండదు. అది మరమ్మతు కాదు. పనిలో చివరి అంకం, ఆరు నెలలు ఆలస్యంగా జరిగేది.

అప్పటికి గుమ్మం దగ్గరికొచ్చిన మస్తాన్ వంక తల తిప్పి చూశాను. నిబంధన పక్కనపెట్టి, ఏప్రిల్‌లో ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగేశాను. కమిషనరు వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

"మీరు మాస్టారు గదండీ. మీకు చెప్పడమేందని ఊరుకున్నా" అన్నాడు మస్తాన్. వెటకారం లేదు. వెటకారమైతే ఇంత బాధపడేవాణ్ణి కాదు.

ఇక పాత కుర్చీ. మన వాళ్లకు ఒక అలవాటుంది. గుడికైనా చర్చికైనా ఏదిచ్చినా దాని మీద పేరు రాయించకుండా ఇవ్వరు. ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు గిర్రున తిరుగుతుంటాయి. ఈ కుర్చీ వీపు వెనక, పైపట్టె మీద, ఎర్ర రంగుతో ఒక వరస రాసి ఉంది. కీర్తిశేషుడు ఏసోబు జ్ఞాపకార్థం భార్య మరియమ్మ సమర్పించినది, 1977. రాసినవాడు అక్షరాలు పెద్దవిగా మొదలుపెట్టి చోటు చాలక చివర్లో ఇరికించాడు. పైపట్టె పక్క కొయ్యలోకి దిగే చోట అతుకు శీల ఉంటుంది కదా, సంవత్సరంలోని ఆఖరి అంకె వెళ్లి సరిగ్గా దానికి తగిలింది.

ఇదంతా నిన్న రాసిందే సార్, నోట్ చేసుకోండి అన్నాడు వాది తరఫు జూనియరు. మరియమ్మ అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నా పెనిమిటి నిన్న సచ్చిపోయాడా బాబూ? ఆ పేరు రాయించింది నేను. అబద్ధమంటే నా మొకం సూసి అను."

అతను పక్కకు జరిగాడు. నేను భూతద్దం తీశాను. ఆమె మాట నిజమని నాకు మనసులో ఉంది గానీ నిపుణుడు మనసులో ఉన్నది రాయకూడదు, వస్తువు మీద ఉన్నదే రాయాలి. వస్తువు మీద ఉన్నది ఇది. ఆఖరి ఏడు అంకె గీత శీల దగ్గరికి రాగానే పక్కకు వంగి, చుట్టూ తిరిగి, మళ్లీ కిందికి దిగింది. శీల మొదలు దగ్గర రంగు చిన్న గట్టులాగా పేరుకుని ఎండిపోయింది. కుంచె నిలువుగా ఉన్న దేన్నైనా తాకినప్పుడు రంగు అలాగే పేరుకుంటుంది. శీల తల మీద మాత్రం రంగు చుక్క లేదు, పాలిష్ లేదు. దీనికి అర్థం ఒక్కటే. అంకె రాసేటప్పుడు శీల బయటికి పొడుచుకుని ఉంది, తర్వాత దాన్ని దిగ్గొట్టి కోశారు. నిన్న రాసివుంటే కుంచె సాఫీగా తల మీదినుంచి పోయేది. రాతను తొలిచి కొత్త శీల కొట్టివుంటే రంగు అంచు తెగేది, గట్టు కట్టేది కాదు. కాబట్టి ఆ రాత కుర్చీకి మొదటి రోహిణి రాకముందు రాసింది. శీల తల ఏళ్ల వాడకానికి నల్లబడి, చుట్టూ చెక్క ఇంకిపోగా బొటనవేలికి తగిలేంత పైకి లేచింది. అది రెండేళ్లలో అయ్యే పని కాదు.

తిరుగు ప్రయాణంలో షోరూము కుర్చీ శీల ఒకటి ఊడదీయడానికి అనుమతి అడిగాను. కమిషనరు ఉభయపక్షాలకూ నోటీసిచ్చి మర్నాడే ఆ పరీక్ష పెట్టించాడు. మేకు మొనతో ఎత్తగానే గుండీలాగా ఊడొచ్చింది. పావంగుళం మందం వెదురు బిళ్ల, జిగురుతో అంటించింది. దాని కింద ఇనప మరమేకు. అతుకును పట్టి ఉంచింది ఆ మేకు, పైనున్న శీల వట్టి అలంకారం. చేతిపట్టె వంపు సంగతీ కమిషనరు ద్వారా మస్తాన్‌ను అడిగాను. మస్తాన్ తండ్రి దూదేకుల ఆయన, పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లును పలక మీద పెట్టి గీత గీసి మస్తాన్ ఆ వంపు తీశాడు. విల్లుకు ఒక కొసన బల్ల బిగించే చోటు ఉంటుంది, అక్కడ వంపు చదునవుతుంది. షోరూము వాళ్లు కలకత్తా పంపిన బొమ్మలోనూ ఆ చదును ఉంది. ఎందుకుందని అడిగితే యజమాని అందం కోసమన్నాడు. కాపీ కొట్టే పిల్లాడు పక్కవాడి పేరు కూడా రాసుకున్నట్టు.

నేను చివరి రిపోర్టు రాస్తున్నానని తెలిసి ప్రిన్సిపాల్ పిలిపించారు. షోరూము యజమాని మా సంస్థ సలహా సంఘంలో సభ్యుడు. ఏటా మా పిల్లలను అప్రెంటిసులుగా తీసుకునేవాడు. ప్రిన్సిపాల్ చెడ్డమనిషేం కాదు. కొత్తగా చూసింది రాయండి, వద్దనను, కానీ ఏడో పేరా తప్పని మీరే రాయకండి, సంస్థ పరువుపోతుంది, మీ సర్వీసు రికార్డు పాడవుతుంది అన్నారు. ఆ పేరాను అలాగే వదిలేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కొట్టుకుని చస్తాయి, ఇంజంక్షన్ బతికిపోతుంది. సంస్థ పరువు ఒక పేరా మీద నిలబడి ఉంటే ఆ పరువు ఎప్పుడో పోయిందండీ అన్నాను. కోపంలోనే అన్నాను. ఇప్పుడు కోపం లేదు, మాట మాత్రం అదే.

రిపోర్టు మొదటి వాక్యం ఇలా రాశాను. నా ప్రాథమిక నోట్‌లోని ఏడవ పేరా తప్పు, ఈ ప్రాంతపు పనివారి పద్ధతి నాకు తెలియకపోవడం వల్ల జరిగిన తప్పు, దాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ఆ తర్వాతే మిగతాదంతా.

జూలైలో బోనెక్కాను. వాది వకీలు జిల్లాలో పేరున్నవాడు. గంటసేపు నా చదువు, సర్వీసు, సర్టిఫికెట్లు నాచేతే చెప్పించి, చివరికి అడగాల్సింది అడిగాడు. వడ్రంగంలో నిపుణుణ్ణని చెప్పుకునే మీకు ఒక కూలి మనిషికి తెలిసింది తెలియదంటారు, అలాంటప్పుడు మీరు నిపుణులేనా అని.

"ఏప్రిల్‌లో కాదండి. ఇప్పుడు అవును" అన్నాను.

కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. మరియమ్మ కుర్చీని తన బల్ల దగ్గరికి తెప్పించుకుని, కళ్లద్దాలు పైకి తోసి, ఆఖరి ఏడు అంకె మీద బొటనవేలు పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. అదే నెలలో ఇంజంక్షన్ రద్దయింది. అసలు దావా ఇంకో ఏడాది ఈడ్చి వాది తనే వెనక్కి తీసుకున్నాడు. మస్తాన్ పని మళ్లీ మొదలుపెట్టాడు. తెనాలి వెళ్లినవాడు తిరిగి రాలేదు.

ఆగస్టులో నాకు శ్రీకాకుళం జిల్లాకు బదిలీ అయింది. విద్యాసంవత్సరం మధ్యలో బదిలీలు ఉండవు. కారణం పాలనా సౌలభ్యమని రాశారు. ఎవరి సౌలభ్యమో రాయలేదు. 

ఆ కేసు తర్వాత కోర్టు పరీక్షలకు నన్ను మరో పదకొండుసార్లు పిలిచారు. అప్పట్నుంచీ నకిలీని ఎలా పట్టుకోవాలని అడిగేవాళ్లకు ఒకటే చెబుతున్నాను. కాపీ కొట్టేవాడు షాపులో నిలబెట్టిన వస్తువును చూస్తాడు, అక్కడితో అతని పని ఆగిపోతుంది. అసలు చేసినవాడికి ఆ వస్తువు ఎవరింట్లో ఏ ఎండలో ఉండబోతుందో తెలుసు. వస్తువు ఇల్లు చేరాక దానికి ఏం జరిగిందో అడిగితే చాలావరకు తేలిపోతుంది. అడగాల్సింది షోరూములో కాదు, వాడుకునేవాళ్లను. రెండోది నిపుణుల కోసం. తెలియనిచోట తెలియదని రాయాలి, తప్పు రాసినచోట తప్పని అదే కాగితం మీద, అదే హోదాతో రాయాలి. దానికి శిక్ష ఉంటుంది. ఆ రిపోర్టు మళ్లీ రాయమంటే మొదటి వాక్యంతో సహా అలాగే రాస్తాను, బదిలీ మెమో తెస్తే అందినట్టు సంతకమూ పెడతాను.